తెల్లరంగు కింది వాక్యం

ఇమ్మానుయేలు తుప్పును కళ్లతో చూడడు, వేళ్లతో చూస్తాడు. కుడిచేతి మూడు వేళ్లు రేకు మీద ఆనించి, కళ్లు మూసుకుని, నిద్రపోతున్న పసిబిడ్డ వీపు నిమిరినట్టు మెల్లగా జరుపుతాడు. పైపైన పట్టిన తుప్పయితే సన్న ఇసుకలా తగులుతుంది. లోపలికి దిగిన తుప్పయితే రంగు కింద చిన్న చిన్న బుడగలు తగులుతాయి, నొక్కితే చిట్లుతాయి. ముప్పై ఏళ్ల కిందట అతనికి ఈ పని నేర్పిన బుడే మేస్త్రి చెప్పేవాడు, పైతుప్పు జలుబు లాంటిదని, అప్పుడే చూసుకుంటే పోతుందని, వదిలేస్తే గుండెల్లోకి దిగుతుందని.

చీరాల నుంచి వేటపాలెం వెళ్లే దారిలో, జీడిపిక్కలు కాల్చే వాసన మొదలయ్యే మలుపు దగ్గర అతని రేకుల షెడ్డు. బండ్ల సొట్టలు తీసి రంగులు వేయడం వృత్తి. అక్కణ్ణించి సముద్రం కనిపించదు. కానీ పొద్దువాలితే గాలి మళ్లుతుంది, కనపడని ఆ సముద్రం లేచి ఊళ్లోకి నడిచి వస్తుంది. తలుపు గొళ్లాల మీద, సైకిలు చువ్వల మీద, మగ్గం మేకుల మీద కాసేపు కూర్చుని పోతుంది. తెల్లారి చూస్తే ఇనుము ఉన్న ప్రతిచోటా దాని ఎర్రటి వేలిముద్ర. ఆ వేలిముద్రల పుణ్యానే ఇమ్మానుయేలు ఇల్లు గడిచింది, ఇద్దరు ఆడపిల్లలు నర్సింగు చదివారు.

ఆగస్టులో ఎలీసమ్మ ఆ జీపును తెచ్చి షెడ్డు ముందు ఆపించింది. పర్చూరు దారిలో ఉన్న పల్లె ఆవిడది. పద్నాలుగు మంది ఆడకూలీల ముఠాకు పెద్ద. కలుపుకు, పత్తి తీతకు, మిరపకోతకు రైతులు కబురు పెట్టేది ఆవిడకే. ఇమ్మానుయేలుదీ ఆవిడదీ ఒకే చర్చి సంఘం, ఊహ తెలిసినప్పటి నుంచి అక్కా అనే పిలుపు. నాలుగేళ్ల కిందట మార్టూరు అవతల కోతకు పోతుంటే, కిక్కిరిసిన ఆటో కాలవ గట్టు మీద నుంచి దొర్లింది. ప్రాణాలు పోలేదు గానీ ఎలీసమ్మ ఎడమ మోకాలు ఆ రోజు నుంచి సరిగా వంగదు. ఆసుపత్రి మంచం మీదే ఒట్టు పెట్టుకుందట, సొంత బండి కొంటాను, మనిషికో చోటు ఉంటేనే ఎక్కిస్తాను, ఒక్కరు ఎక్కువైనా దింపేస్తాను అని. ఇన్నాళ్లకు కుదిరింది. వెనక ఎదురెదురు బల్లలు వేసిన పాత జీపు. అంతకుముందు ఓడరేవులో చేపల పెట్టెలు మోసిన బండి. కోడలు ఫెబా డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు కూడా తెచ్చుకుంది.

బండి ఇంజను బాగానే ఉంది. ఒంటి నిండా ఉప్పు. తలుపుల అంచులు, వెనక మూసే డాలా రేకు, ముందు బానెట్, అంతా గోధుమరంగు మచ్చలు. బానెట్ మీద పాత యజమాని ఎర్రరంగుతో రాయించుకున్న వాక్యం ఒకటి ఉంది. ఎవరైనా దూరం వెళ్లేటప్పుడు తల మీద చెయ్యి పెట్టి పాస్టరు అయ్యగారు చదివే వాక్యం అది, రాకపోకల్లో దేవుడే కాపాడతాడని చెప్పే ఆ మాటను సంఘంలో అందరూ రాకపోకల వాక్యం అంటారు. ఎలీసమ్మకు చదువు రాదు. కానీ చుట్టాలను నడకను బట్టి పోల్చుకున్నట్టు ఆ వాక్యం ఆకారాన్ని ఆవిడ ఎంత దూరం నుంచైనా పోల్చుకోగలదు.

"ఆ వాక్యం చూసే బేరం చేశాను తమ్ముడూ. కానీ దాని చుట్టూ చూడు, ఎట్టా తినేస్తోందో. మొత్తం అడుగుదాకా గీకెయ్. తెల్లరంగు కొట్టు. ఆనక కొత్తగా రాయిద్దాం."

ఇమ్మానుయేలు కళ్లు మూసుకుని బానెట్ అంతా వేళ్లతో తిరిగి వచ్చాడు. సన్న ఇసుక. అక్షరాల అంచుల దగ్గర మాత్రం రంగు కొద్దిగా లేచి ఉంది.

"పైతుప్పే అక్కా, భయం లేదు" అన్నాడు.

ఇక్కడ బుడే మేస్త్రి పద్ధతి ఒకటి చెప్పుకోవాలి. బండి మీద ఏ దేవుడి బొమ్మ ఉన్నా, ఏ పేరు ఉన్నా, శిలువైనా శూలమైనా అరబ్బీ అక్షరాలైనా, వాటి మీద ఆయన గ్రైండర్ పెట్టనిచ్చేవాడు కాదు. చక్రం తిరిగితే ఆ పొడి రోడ్డు మీద పడుతుంది, జనం కాళ్ల కింద పడుతుంది. అందుకని వాటర్ పేపర్ అనే గరుకు కాగితం తీసుకుని, నీళ్లు పోస్తూ, చేత్తోనే రుద్ది తీయాలి. కారిన నీళ్లు పళ్లెంలో పట్టి చెట్టు మొదట్లో పోయాలి. ఎవరి దేవుడైనా కానీ, సాగనంపేవాళ్లం మనమే కదరా అనేవాడు. ఒక్కో బొమ్మకు ఒక పూట పట్టేది. ఆయన పోయి పదకొండేళ్లయింది. ఆయన వెనకాలే ఆ పద్ధతీ చప్పుడు చేయకుండా వెళ్లిపోయింది. ఈ ఐదారేళ్లలో ఇమ్మానుయేలు ఎంతమంది ఆంజనేయులను, ఎందరు దుర్గమ్మలను చక్రం కింద నిమిషంలో లేపేశాడో అతనికే గుర్తు లేదు.

ఆదివారం ఆరాధన తర్వాత బండికి ప్రార్థన పెట్టుకున్నారు. శనివారం సాయంత్రానికి తలుపులు, డాలా అన్నీ అయ్యాయి, బానెట్ ఒక్కటి మిగిలింది. ఇమ్మానుయేలు గ్రైండర్ ఆన్ చేసి వంగాడు. చుట్టూ ఉన్న తుప్పు నిప్పురవ్వలై ఎగిరిపోయింది, కింద నుంచి మెరిసే రేకు బయటపడింది. చక్రం వాక్యం మొదటి అక్షరానికి బెత్తెడు దూరం వచ్చేసరికి చెయ్యి ఆగింది. నా దేవుడి మాట మీద చక్రమా అని ఒళ్లు జలదరించింది.

ఆ భయం నిజమైనదే. తర్వాతి నెలల్లో అతను దాన్ని చాలాసార్లు బయటికి తీసి, వెలుతురులో పెట్టి తిప్పి చూసుకున్నాడు. ఆ ఒక్క క్షణం మటుకు నిజమే. కానీ ఆ వెంటనే అతని చూపు నీళ్ల బకెట్ మీదికి, దాని పక్కన ఉన్న వాటర్ పేపర్ మీదికి పోయింది. మూడు గంటల పని. కుడి భుజం పొద్దుటి నుంచి సలుపుతోంది. కంప్రెసర్ నిండా గాలి పట్టి సిద్ధంగా ఉంది. వాక్యాన్ని గీకకూడదులే అనుకున్నాడు. ఎంత హాయిగా వచ్చిందో ఆ మాట. బద్ధకం భక్తి చీర కట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది, అతను జరిగి చోటిచ్చాడు.

అక్షరాల సందుల్లో పుట్టీ పామాడు. ప్రైమర్ కొట్టాడు. పైన తెల్లరంగు, ఒకటికి మూడు పొరలు. మల్లెపువ్వులా వచ్చింది బండి.

పొద్దున్నే ఎలీసమ్మ వచ్చి చుట్టూ తిరిగి చూసింది. కుంటికాలి మీద బరువు వేయకుండా బానెట్‌కు ఆనుకుని నిలబడి, అరచేత్తో దాన్ని ఒకసారి నిమిరింది. అడుగుదాకా గీకావా అని అడిగింది. గీకేశానక్కా అన్నాడు. వేళ్లతో తుప్పు చూడటం ఆవిడకు తెలియదు. తెలిసిన మనిషి మాట మీద నమ్మకం పెట్టడమే తెలుసు.

వాక్యం మళ్లీ రాయాల్సిన ఆర్టిస్టు ఇదిగో అదిగో అంటూ రాలేదు. ఈలోగా పత్తి తీత ముంచుకొచ్చింది. బానెట్ తెల్లగానే ఉండిపోయింది. అక్టోబరులో వానలు, నవంబరులో తుఫాను. నాలుగు రోజులు ఆకాశం నేల మీదే పడుకుంది. ముసురు విడిచిన ఐదో రోజు పొద్దున ఫెబా జీపు తుడుస్తూ ఆగిపోయింది. తెల్లరంగు మీద లేత టీ రంగులో ఏదో గీత. తుడిస్తే పోలేదు. రెండు రోజులకు దాని పక్కన ఇంకోటి, సున్నా చుట్టినట్టు. వారం తిరిగేసరికి అక్షరాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వరసగా నిలబడ్డాయి. రాకపోకల వాక్యం, మొదటి నుంచి చివరిదాకా, ఎవరూ రాయకుండానే.

పల్లె పల్లెంతా జీపు చుట్టూ చేరింది. రాసేవాడు రాకపోతే దేవుడే రాసుకున్నాడు అన్నారు. ఎలీసమ్మ ఆ అక్షరాల మీద నుదురు ఆనించి చాలాసేపు ఉండిపోయిందట.

కబురు షెడ్డుకు చేరినప్పుడు ఇమ్మానుయేలు చేతిలో స్ప్రే గన్ను ఉంది. విన్న క్షణంలోనే అతనికి అర్థమైంది. రేకుకూ పాత ఎర్రరంగుకూ మధ్య తను వదిలేసిన తేమ, ఉప్పు. అవి మూడు నెలలు చీకట్లో పనిచేశాయి. అతను మూసిపెట్టినదాన్నే తిరిగి రాశాయి. అది తుప్పు అని ఆ నిమిషానే చెప్పి ఉండాల్సింది. ఆ ఆదివారం చెబుదామని గుడికి వెళ్లాడు కూడా. అక్కడ జయరావు అయ్యగారు అతన్ని ముందుకు పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, ఈ బండికి రంగు వేసినవాడు మన ఇమ్మానుయేలే, దేవుడు వాడుకున్న చెయ్యి ఇది అని అందరికీ చూపించారు. సంఘమంతా స్తోత్రం అంది. అతను తల దించుకున్నాడు. ఎంత అణకువ చూడు అని వెనక వరస ఆడవాళ్లు చెప్పుకోవడం అతని చెవిన పడింది. సిగ్గుతో తల ఇంకా కిందికి వంగింది. వాళ్లకు అణకువ ఇంకా పెద్దదిగా కనిపించింది.

ఇంటికొచ్చాక భార్యకు కూడా చెప్పలేకపోయాడు. అన్నం ముందు కూర్చుంటే కంచం అంచున తుప్పు మరక ఉన్నట్టు అనిపించేది. అది స్టీలు కంచం.

షెడ్డుకు ఎదురుగా అంకమ్మరావు పంక్చర్ల కొట్టు. ఇద్దరూ ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునే ఈడువాళ్లు. ఒకరోజు టీ తాగుతూ అంకమ్మరావు కదిపాడు.

"ఏరా, నీ గన్నులోంచి రంగు రావట్లేదంట, మహిమలు వస్తున్నాయంట?"

ఇమ్మానుయేలు గ్లాసులోకి చూసుకుంటూ టీ ఊదుకున్నాడు.

"సరేలే గానీ, పోయినేడు నా ట్రాలీ ఆటో మీద ఆంజనేయస్వామిని గీకేశావుగా. ఆయనెందుకు తిరిగి రాలేదంటావు?"

వేళాకోళానికే అన్నాడు. టీ గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయాడు. ఇమ్మానుయేలు మాత్రం అక్కడే కూర్చుండిపోయాడు. అంకమ్మరావు దేవుడి దగ్గర ఆగని చెయ్యి తన దేవుడి దగ్గర ఎందుకు ఆగింది? ఆగింది సరే, నీళ్ల బకెట్ దాకా ఎందుకు పోలేదు? బుడే మేస్త్రి బతికి ఉంటే ఏమీ అడిగేవాడు కాదు. బానెట్ మీద మూడు వేళ్లు పెట్టి, తీసి, ఆ వేళ్ల వంక చూసుకునేవాడు. అంతే.

క్రిస్మస్ పాటల ప్రాక్టీసు జరుగుతున్న ఒక సాయంత్రం, జీపు గుడి ఆవరణలో ఉందని తెలిసి వెళ్లాడు. లోపల పాట, బయట ఎవరూ లేరు. కళ్లు మూసుకుని వేళ్లు ఆనించాడు. ఇసుక కాదు. బుడగలు. ఒకటి చిట్లి గోధుమరంగు నీరు వేలి కొసను తడిపింది. జలుబు దాటిపోయింది. ఇంతలో పక్కన అలికిడైంది. ఎవరో ముసలమ్మ అతను ప్రార్థన చేసుకుంటున్నాడనుకుని, తనూ పక్కన నిలబడి ఆ అక్షరాల మీద చెయ్యి వేసింది. ఆవిడ ప్రార్థన అయ్యేదాకా అతను చెయ్యి తీయలేకపోయాడు.

ఎలీసమ్మను కలిసి, బానెట్ ఒకసారి చూడనా అక్కా అని గొణిగాడు. ఆవిడ చిన్నపిల్లలా నవ్వింది. దాని మీద ఎవరి పనిముట్టూ పడనివ్వనని, నువ్వైనా సరేనని చెప్పింది.

అంతటితో పోయేదే అయితే అతను ఆ సిగ్గును అలాగే మడిచి గుండెలో పెట్టుకుని బతికేసేవాడేమో.

డిసెంబరు చివర్లో, ముందు వేసిన మిరపతోటలు పండాయి. ఒక తెల్లవారుజామున పనిమీద పర్చూరు దారిలో నిలబడి ఉన్నాడు. మంచులోంచి ఎలీసమ్మ జీపు వచ్చింది. ముందు లైట్లు, వాటి పైన అక్షరాలు, ఆ వెనక మనుషులు. బల్లల మీద, బల్లల మధ్య, ఒకరి ఒళ్లో ఒకరు. వెనక మెట్టు మీద ముగ్గురు వేలాడుతున్నారు. ముందు సీట్లో ఎలీసమ్మ, ఆవిడ మోకాళ్ల మీద ఇంకొక పిల్ల. అతను చెయ్యెత్తితే ఫెబా బండి నెమ్మది చేసింది.

"ఇంతమందేంటక్కా?"

"పక్క పల్లెవాళ్లు కూడా ఈ బండే ఎక్కుతామంటున్నార్రా. వాక్యం ఉందిగా ముందర. ఏం కాదు."

మెట్టు మీద ఉన్నవాళ్లు నవ్వి అతనికి వందనాలు చెప్పారు. జీపు ఒక పక్కకు ఒరిగి కాలవ గట్టు ఎక్కింది. ఇమ్మానుయేలు వచ్చిన పని మరిచిపోయాడు. మంచు విడిపోయి, ఎదురుగా పత్తిచేలో మిగిలిన దూది పింజలు తెల్లగా కనపడేదాకా అక్కడే నిలబడ్డాడు. తను వేసిన రంగు లాంటి ఆ తెలుపు చూస్తే భయం వేసింది.

కొత్త సంవత్సరం మొదటి ఆదివారం, దేవుడు చేసిన మేళ్ల గురించి సాక్ష్యాలు చెప్పే రోజు. అయ్యగారు అడగ్గానే ఇమ్మానుయేలు లేచాడు. మైకు ముందు నిలబడ్డాక రాసుకుని పెట్టుకున్న మాటలన్నీ పోయాయి.

"అది మహిమ కాదండీ. తుప్పు" అన్నాడు. "ఆ అక్షరాలు నేను గీకలేదు. చేత్తో రుద్దాల్సింది. ఓపిక లేక పైన రంగు కొట్టేశాను. వానకి కింది తుప్పు పైకి వచ్చింది. గీకేశానని అక్కతో అబద్ధం చెప్పాను. మీరంతా పొగుడుతుంటే నోరు మూసుకుని ఉన్నాను."

జయరావు అయ్యగారు కళ్లద్దాలు తీసి, పంచె కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయారు. ఆడవాళ్ల వైపు నుంచి ఎలీసమ్మ లేచింది. ముందు బల్ల పట్టుకుని, కాలు నిలదొక్కుకుని నిలబడింది.

"ఆ రోజు నేనడిగాను. అడుగుదాకా గీకావా అని."

"అడిగావక్కా."

"నా మొహంలో మొహం పెట్టి చెప్పావు."

"చెప్పాను."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నిన్న ఇరవై ఆరుమందిని ఎక్కించాను రా ఆ బండిలో" అంది. "నీ తుప్పు చూసుకుని."

ఆ మాటలో కోపం ఎంతో, తన ఒట్టు తనే తప్పిన సిగ్గు ఎంతో అతనికి తెలియలేదు. కానీ తన సిగ్గు పోయి ఆవిడ మీద కూడా కూర్చుందని తెలిసింది. ఆవిడ కూర్చుంది.

సోమవారం ఎనిమిది గంటలకు జీపు షెడ్డు ముందు ఆగింది. ఆవిడ వస్తుందని అతను అనుకోలేదు. ఎలీసమ్మ దిగి, స్టూలు లాక్కుని, వంగని కాలు చాపుకుని కూర్చుంది. పలకరించలేదు. ఊ, కానివ్వు అన్నట్టు బానెట్ వైపు గడ్డం ఎగరేసింది.

ఇమ్మానుయేలు గ్రైండర్ తీగ చుట్టి లోపల పెట్టాడు. బకెట్ నీళ్లు తెచ్చాడు, కింద వెడల్పాటి పళ్లెం పెట్టాడు. వాటర్ పేపర్ నానబెట్టి, మొదటి అక్షరం మీద చెయ్యి వేశాడు. నీళ్లు పోస్తూ, రుద్దుతూ, మళ్లీ పోస్తూ. తెల్లరంగు పోయింది, కింద పాత ఎర్రరంగు కనిపించింది, అదీ పోయింది, తుప్పు కనిపించింది, దాన్నీ రుద్దితే అప్పుడు రేకు. ఒక్కో అక్షరం కరిగి పళ్లెంలోకి దిగుతుంటే, పేరు పెట్టి పిలిచి ఒక్కొక్కరినీ సాగనంపుతున్నట్టుంది. భుజం మంటెత్తింది. ఆగలేదు.

ఎదురు కొట్లోంచి అంకమ్మరావు చూస్తూనే ఉన్నాడు. ఆ రోజు ఏ వేళాకోళమూ ఆడలేదు. బకెట్ ఖాళీ అయినప్పుడు వచ్చి, తీసుకెళ్లి, బోరింగు దగ్గర నింపి తెచ్చి పెట్టాడు. నీ ఆటో మీద స్వామిని కూడా ఇట్టాగే తీయాల్సిందిరా అన్నాడు ఇమ్మానుయేలు తలెత్తకుండా. అంకమ్మరావు ఊఁ అని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం దాటేసరికి వాక్యమంతా పళ్లెంలో ఉంది. బానెట్ నడిమధ్య ఒకచోట మిరపగింజంత చిల్లు పడింది. ఆగస్టులో రుద్ది ఉంటే ఆ చిల్లు లేదు. ఇమ్మానుయేలు దాని మీద వేలు పెట్టి ఆవిడకు చూపించాడు. దాచలేదు. ఆవిడ వంగి చూసి, తల ఆడించింది. అతను పళ్లెం రెండు చేతులా ఎత్తి, షెడ్డు వెనక మునగచెట్టు మొదట్లో నీళ్లు వంపాడు. చిల్లు పూడ్చాడు. ఆరబెట్టి, తుప్పు ఆపే రెడాక్సైడ్ కొట్టాడు. ఎండుమిరప రంగులో బానెట్ ఎర్రబారింది. అది ఆరాక తెల్లరంగు గన్నులో పోయబోయాడు.

"వద్దు" అంది ఎలీసమ్మ. పొద్దుటి నుంచి అదే మొదటి మాట. "ఇట్టాగే ఉండనీ. కోతలు అయ్యేదాకా."

"ఏమైందని జనం అడుగుతారక్కా."

"అడగనీ. పని ఇంకా అవలేదని చెప్తా."

ఫెబా స్టార్టు చేసింది. ఎలీసమ్మ అతని చెయ్యి అందుకోకుండా, తలుపు పట్టుకుని తనే ఎక్కింది.

జనవరి, ఫిబ్రవరి నెలలంతా కోతలు వేటపాలెం అవతల పడ్డాయి, వాళ్లు పనికి పోయే దారి షెడ్డు ముందు నుంచే. తెలతెలవారుతుంటే ఇమ్మానుయేలు వచ్చి రోడ్డు పక్కన నిలబడతాడు. ఉప్పుగాలి సముద్రం వైపు తిరిగి వెళ్లిపోయే వేళ. మంచులోంచి ఎర్రటి బానెట్ ముందుగా కనిపిస్తుంది, రెండు పక్కలా ఉన్న తెల్లటి తలుపుల మధ్య చెంపదెబ్బ తిన్న ముఖంలా. అతను తలలు లెక్కపెడతాడు. పద్నాలుగు. మెట్టు మీద ఎవరూ ఉండరు. ఎలీసమ్మ ఇటు చూడదు, ఫెబా హారన్ కొట్టదు, అతను చెయ్యి ఎత్తడు. ఆ ఎరుపు మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడు వెళ్లి షెడ్డు తలుపు తీస్తాడు.